కష్టం భూమిదై ఉండాలి

ప్లానింగ్ చదువుతున్న మన పిల్లలు ఎక్కడైనా కలిస్తే, "అంకుల్, మీ కెరీర్‌లో బిగ్గెస్ట్ ప్రాజెక్ట్ ఏంటి?" అని అడుగుతుంటారు. ఏ ఎయిర్‌పోర్టు సంగతో, ఏ హైవే సంగతో చెబుతానని వాళ్ళ ఆశ. నేను "గోంగూర కేసు" అంటాను. మొహమొహాలు చూసుకుని నవ్వుతారు. నవ్వండి నాయనా, నవ్వండి. ఆ కేసు ముగిసి ఇన్నేళ్ళయినా అందులో ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో, అసలు నేను ఎవరి పక్షాన ఉన్నానో నాకే సరిగ్గా బోధపడలేదు. బోధపడిన కేసులన్నీ మర్చిపోయాను. ఇదొక్కటే మిగిలింది.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి, లేకపోతే మీకు తలా తోకా తెలియదు. చికాగోకి రెండు గంటల దూరంలో ఒక కౌంటీలో ప్లానర్‌గా పనిచేశాను. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి. అందులో చిన్న చిన్న ఊళ్ళున్నాయి, ఊళ్ళకి మేయర్లున్నారు, వాళ్ళ రూల్స్ వాళ్ళకున్నాయి. ఊరికీ ఊరికీ మధ్య కనుచూపు మేర మొక్కజొన్న, సోయా, అక్కడొకటి ఇక్కడొకటి ఇల్లు. ఆ నేలంతా ఏ ఊరి కిందికీ రాదు. అన్‌ఇన్‌కార్పొరేటెడ్ అంటారు. ఒకసారి మా బావమరిదికి ఇదంతా వివరిస్తే, "అంటే దిక్కూ మొక్కూ లేని నేలా బావా?" అన్నాడు. దిక్కు మేమే. ఎవరు ఎక్కడ ఏం కట్టుకోవచ్చో, ఎక్కడ కట్టకూడదో మా ఆఫీసే చూడాలి.

ఆఫీసంటే ఏదో ఊహించుకోకండి. కోర్టు భవనం కింది అంతస్తులో రెండు గదులు. ఒక డైరెక్టర్. కుర్రతనంలో ఫుట్‌బాల్ ఆడిన భారీ మనిషి, గొంతు మాత్రం పీలగా ఉండేది. కొలతలకి తిరిగే ఒక ఇన్‌స్పెక్టర్. కౌంటర్ దగ్గర ఒక క్లర్క్, నాకంటే పెద్దావిడ. గవర్నర్ వచ్చినా, గడ్డి కోసేవాడు వచ్చినా "ఏం కావాలి హనీ?" అనేది. నాలుగోవాణ్ణి నేను. మన దగ్గర టౌన్ ప్లానింగ్‌లో కొన్నాళ్ళు చేసి వెళ్ళినవాణ్ణి కాబట్టి, రూల్ అంటే నాకు ప్రాణం. ముక్కు మీద కోపం కూడా ఉండేది. అది అక్కడ ఇంగ్లీషులో సరిగ్గా పలికేది కాదు, మనసులోనే ఉడికేది.

కేసు రెండు వేల పది ప్రాంతంలో మొదలైంది. ఒక వేసవిలో ఒక రైతు ఫోన్ చేశాడు. తన పక్క పొలంలో రోడ్డుకి ఆనుకుని ఏదో పెద్ద ప్లాస్టిక్ గుడారం వెలిసిందనీ, ఎండలో కళ్ళలోకి కొడుతోందనీ, శనివారం వస్తే దాని ముందు కార్లు బారులు తీరి తన ట్రాక్టరుకి దారి ఉండటం లేదనీ ఫిర్యాదు. ఇన్‌స్పెక్టర్ వెళ్ళి కొలిచి వచ్చాడు. పాలీహౌస్, అంటే మొక్కలు పెంచే ప్లాస్టిక్ షెడ్డు. రోడ్డు నుంచి వదలాల్సిన దూరం వదల్లేదు. రూల్ ప్రకారం నోటీసు వెళ్ళింది, తీసెయ్యమని.

నోటీసు పట్టుకుని వచ్చిన మనిషిని చూడగానే మనవాళ్ళే అని తెలిసిపోయింది. కాటన్ చుడీదార్, బురద అంటిన స్నీకర్లు. నా చొక్కాకున్న పేరు చదివి మొహమంతా విప్పార్చుకుంది.

"మీరు తెలుగువారే కదండీ?"

"అవునమ్మా."

"హమ్మయ్య! అన్నయ్యగారూ, ఈ లెటర్ ఏంటో కాస్త చూడండి. నేను ముందే మీ ఆఫీస్‌కి కాల్ చేసి అడిగానండీ. పాలీహౌస్ వేసుకుంటాను, పర్మిట్ కావాలా అని. ‘నో పర్మిట్ రిక్వైర్డ్’ అన్నారు. డౌటొచ్చి మళ్ళీ కాల్ చేశాను. మళ్ళీ అదే మాట."

‘నో పర్మిట్’ అన్న ముక్క విని క్లర్క్ అక్కడి నుంచే తలూపింది. ఆవిడ చెప్పింది నిజమే. మా కౌంటీలో సేద్యానికి వేసుకునే షెడ్డుకి పర్మిట్ అక్కర్లేదు.

"పర్మిట్ అక్కర్లేదమ్మా. కానీ రోడ్డుకి దూరం వదలాలని రూల్ ఉంది."

"రూల్ ఉంటే పర్మిట్ ఎందుకు అక్కర్లేదండీ?"

"వ్యవసాయం కాబట్టి."

"వ్యవసాయానికి అక్కర్లేదంటే నేను వేసుకున్నాను. ఇప్పుడు తీసెయ్యమంటున్నారు. అక్కర్లేదన్నది దేనికండీ మరి?"

"అడగక్కర్లేదమ్మా. పాటించాలి."

"అడగకపోతే ఏం పాటించాలో ఎలా తెలుస్తుందండీ?"

ఏళ్ళ తరబడి ఆ రూల్ పుస్తకం నెత్తిన పెట్టుకుని తిరిగాను, ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. కోపం వచ్చింది. ఆవిడ మీదో, పుస్తకం మీదో తెలియలేదు.

ఆవిడ అగ్రికల్చర్ డిగ్రీ చదివిన మనిషి. భర్త సాఫ్ట్‌వేర్, రోజూ చికాగో శివారు నేపర్‌విల్‌కి డ్రైవ్ చేసుకుని వెళ్ళి వచ్చేవాడు. ఐదెకరాల ముక్క కొన్నారు. పాలీహౌస్‌లో పండించి శనివారాలు మనవాళ్ళకి అమ్మేవి గోంగూర, బచ్చలి, తోటకూర, అన్నిటికంటే ముఖ్యంగా కరివేపాకు. ఆ చెట్లు గింజ నుంచి, అపార్ట్‌మెంట్ కిటికీ దగ్గర కుండీల్లో పెంచుకున్నవి. ఇప్పుడు మనిషెత్తున్నాయి, నేలలో పాతుకున్నాయి. అక్టోబర్ వస్తే అక్కడ మంచు కాటేస్తుంది. పాలీహౌస్ తీసేస్తే ఒక్క రాత్రిలో నల్లబడిపోతాయి. "వాటిని మళ్ళీ కుండీల్లో పెట్టలేనండీ, వేళ్ళు తెగితే బతకవు" అంది. ఆ ఒక్కమాటా గొంతు తగ్గించి చెప్పింది.

దారి ఒక్కటే ఉంది. ఎక్కడేం కట్టొచ్చో తేల్చే జోనింగ్ బోర్డు ముందుకెళ్ళి వేరియన్స్ అడగాలి, అంటే ఈ ఒక్క చోటికి రూల్ సడలించమని. దానికి హార్డ్‌షిప్ చూపించాలి. ఆ ముక్క చెప్పగానే ఆవిడ కళ్ళు మెరిశాయి.

"హార్డ్‌షిప్పా? అన్నయ్యగారూ, అవి నా దగ్గర కావలసినన్ని ఉన్నాయండీ!"

"మీది కాదమ్మా. భూమి కష్టం చూపించాలి."

పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. ఆవిడ తప్పేం లేదు. నేను మొదటిసారి ఆ పుస్తకం చదివినప్పుడు నేనూ అలాగే చూశాను. జోనింగ్ చట్టంలో మనుషులకి కష్టాలుండవు. ఉద్యోగం పోయినా, జబ్బు చేసినా, ఇల్లు కాలినా అది చట్టం కంటికి కష్టం కాదు. కష్టం భూమిదై ఉండాలి. అది పల్లంగా ఉండాలి, బండ పడి ఉండాలి, వంకర టింకరగా ఉండాలి. అలాంటి కష్టం ఉన్న భూమి మీదే బోర్డు జాలిపడుతుంది.

బోర్డు ముందు ఏం చెప్పాలో ఉద్యోగిగా నేను ఆవిడకి నేర్పకూడదు. కానీ ఊరుకోలేక, "మీ నేలలో ఏదైనా ఇబ్బంది ఉందా అమ్మా? పల్లమనో, నీళ్ళు నిలుస్తాయనో..." అని నసిగాను.

ఆవిడకి రోషం పొడుచుకొచ్చింది. "మా నేలకేం వంకండీ? బంగారంలాంటి నేల! పొద్దున్నే చెప్పులు విప్పి, మట్టి కళ్ళకద్దుకుని దిగుతాను. ఎవరో పడనివాళ్ళు చెప్పారా మీకు?"

దరఖాస్తు నింపి ఇచ్చి వెళ్ళింది. కాసేపటికి క్లర్క్ దాన్ని నా బల్ల మీద పెట్టి, "ఇదేంటి హనీ?" అంది. భూమికి ఉన్న ప్రత్యేక ఇబ్బందులు వివరించండి అన్నచోట ఆవిడ రాసింది: "నో ప్రాబ్లమ్. ల్యాండ్ ఈజ్ వెరీ గుడ్. థాంక్యూ."

అది చూసి నేను తల పట్టుకున్నాను. అంతలో డైరెక్టర్ నన్ను లోపలికి పిలిచి తలుపు వేశాడు.

"ఆవిడ నిన్ను మాటమాటకీ ఒక మాట అంటోంది. ఏమిటది?"

"అన్నయ్య, సర్. అంటే పెద్ద బ్రదర్."

ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. "ఆవిడ నీ చెల్లెలా? ముందే చెప్పొద్దూ! కేసు నీ చేతిలో ఎలా పెట్టను?"

"చెల్లెలు కాదు సర్. ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు."

"మరి బ్రదర్ అని ఎందుకంటోంది?"

"గౌరవం సర్. మాలో అలా పిలుస్తారు."

"అందరూ అందర్నీనా?"

"దాదాపు."

"అయితే నీకు ఎంతమంది చెల్లెళ్ళున్నారు?"

"లెక్క లేదు సర్. నేపర్‌విల్ దాకా ఉన్నారు."

ఆయన నవ్వలేదు. కౌంటీ లాయర్‌కి ఫోన్ చేశాడు. లాయర్ ఆలోచించి చెప్పిన తీర్పు ఏమిటంటే, నేను బంధువుని కాను, కేసు చూడొచ్చు, కానీ విచారణ పూర్తయ్యేదాకా ఆవిడతో మిగతావాళ్ళకి తెలియని భాషలో ఒక్క ముక్క మాట్లాడకూడదు. న్యాయంగానే ఉంది. ఒప్పుకున్నాను.

తర్వాతి వారం ఆవిడ వచ్చి, "అన్నయ్యగారూ, బోర్డువాళ్ళు ఎలాంటివాళ్ళండీ?" అని అడిగింది. నేను ఇంగ్లీషులో, "మేడమ్, దయచేసి ఇంగ్లీషులో అడగండి" అన్నాను. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, నేను ఎవరితో అంటున్నానో అని. వెనక ఎవరూ లేరు. అడగాలనుకున్నది అడక్కుండానే వెళ్ళిపోయింది. ఎందుకలా మాట్లాడాల్సి వచ్చిందో తెలుగులో చెప్పడానికి వీల్లేదు, ఇంగ్లీషులో చెప్పడానికి నోరు రాలేదు.

ఇక చూడండి నా అవస్థ. ఆ శనివారానికల్లా మనవాళ్ళందరికీ తెలిసిపోయింది. ఇండియన్ గ్రోసరీలో బెండకాయలు ఏరుకుంటుంటే ఒకాయన వచ్చి, "కౌంటీలో పనిచేసేది మీరేనాండీ? తెలుగువాళ్ళే కానీ తెలుగు రాదంట కదా" అన్నాడు. పక్కనున్న తెలంగాణ కుర్రాడు, "వస్తది అంకుల్, మాట్లాడరంట" అన్నాడు. ఇంటికొచ్చి ఆ ఉక్రోషంతో అన్నం ముందు కూర్చుంటే కంచంలో గోంగూర పచ్చడి.

"ఇదెక్కడిది?" అన్నాను.

"ఆ అమ్మాయి దగ్గరే. ఇన్నాళ్ళూ తినేటప్పుడు ఎప్పుడైనా అడిగారా?" అంది మా ఆవిడ.

ఈ పచ్చడి సంగతి కూడా డైరెక్టర్‌కి చెప్పాలా అని రెండు రోజులు మథనపడి, చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని, "అదేంటో నాకు చెప్పకు" అన్నాడు.

రిపోర్టు నేనే రాశాను. భూమికి ఏ ఇబ్బందీ లేదని దరఖాస్తుదారే రాసిచ్చింది కనక తిరస్కరించవచ్చని సిఫారసు. ఇన్‌స్పెక్టర్ కొలిచింది రోడ్డు వైపే. వెనక భాగం మేమెవరమూ చూడలేదు. దరఖాస్తుదారే బాగుందన్న నేలని వెళ్ళి వెతికి తప్పు పట్టడం మా పని కాదు. పుస్తకం అదే చెబుతుంది, అలాగే చేశాం. మీలో ఎవరైనా ఈ ఉద్యోగంలో చేరితే మీరూ అలాగే చేస్తారు.

సెప్టెంబర్‌లో ఒక సాయంత్రం విచారణ. మామూలుగా మా విచారణలకి ఈగలు కూడా రావు. ఆ రోజు హాలు కిటకిటలాడింది. ఆఫీసుల నుంచి సరాసరి వచ్చిన దంపతులు, వ్యాన్ మాట్లాడుకుని వచ్చిన మాస్టర్స్ విద్యార్థులు, పిల్లల దగ్గరికి వచ్చి ఉన్న రిటైర్డ్ తల్లిదండ్రులు, స్వెట్టర్లు తొడుక్కుని ముందు వరసలో. బోర్డు సభ్యులు ఐదుగురూ చుట్టుపక్కల వాళ్ళే. చైర్మన్ విత్తనాల వ్యాపారి, నెమ్మదస్తుడు. ఇంతమందిని చూసి, "అందరూ ఒకే కేసుకా?" అని క్లర్క్‌ని అడిగాడు. ఆవిడ మూల కూర్చుని లాప్‌టాప్‌లో మినిట్స్, అంటే ఎవరేమన్నారో ఆ రికార్డు, టైప్ చేస్తోంది.

మొదటే, రివాజుగా, దరఖాస్తుదారుకీ ఉద్యోగులకీ చుట్టరికం ఏమైనా ఉందా అని అడిగారు. నేను లేదని చెప్పేలోపు మన ముందు వరసలో ఒక పెద్దాయన లేచి, "చుట్టరికం లేకపోవడమేంటి సర్, వియ్ ఆర్ ఆల్ వన్ ఫ్యామిలీ!" అన్నాడు. డైరెక్టర్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత ఒక్కొక్కరూ మైకు దగ్గరికి వచ్చారు. ఎంత మంచి మనుషులో! ఆవిడ ఎంత కష్టపడిందో చెప్పారు. ఒక విద్యార్థి, తనకి జ్వరం వస్తే బచ్చలికూర పప్పు చేసి పంపిందని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. ఒక పెద్దావిడ, ఈ దేశం వచ్చిన ఆర్నెల్లకి మొదటిసారి అక్కడే మట్టి ముట్టుకున్నానంది. చైర్మన్ ఓపిగ్గా విని, "థాంక్యూ. కానీ ఆ నేల గురించి ఎవరైనా చెప్పగలరా? దాంట్లో ఏమైనా సమస్య ఉందా?" అని అడిగాడు.

అంతే. హాలు హాలంతా గొంతు కలిపింది. "నో సర్! ఫస్ట్ క్లాస్ ల్యాండ్ సర్!" "వెరీ ఫర్టైల్!" "రెడ్ సాయిల్ కన్నా బెటర్!"

అయ్యా, ఆపండయ్యా, మీరు పొగిడేకొద్దీ ఆ కరివేపాకు చెట్లు చస్తున్నాయి, అని అరవాలనిపించింది. ఏ భాషలో అరవాలి? ఇంగ్లీషులో అరిస్తే ఉద్యోగం పోతుంది, తెలుగులో అరిచినా పోతుంది. రిపోర్టు పేజీలు తిప్పుతూ కూర్చున్నాను.

చివరికి ఆవిడ వచ్చింది. మైకు ఎత్తు సరిచేసుకుంది. ఇంగ్లీషులోనే మాట్లాడింది, తడుముకోకుండా.

"సర్, నేను మా ఆయన వీసా మీద ఈ దేశం వచ్చాను. నా కాగితాల్లో డిపెండెంట్ అని ఉండేది. చదివింది వ్యవసాయం, కానీ పని చెయ్యడానికి నాకు పర్మిషన్ లేదు. నర్సరీలో జీతం లేకుండా మొక్కలకి నీళ్ళు పోస్తానన్నాను. లాయర్ అదీ కుదరదన్నాడు. ఏ పార్టీకి వెళ్ళినా, మీరేం చేస్తుంటారు అని అడుగుతారు. ఆ మాట వచ్చేటప్పటికి నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి నిలబడేదాన్ని, మాట మారేదాకా. ఏళ్ళు గడిచాయి సర్ అలా. కిటికీ దగ్గర కరివేపాకు గింజలు వేశాను. వాటికైతే ఎవర్నీ అడగక్కర్లేదు కదా అని. తర్వాత గ్రీన్ కార్డ్ వచ్చింది, ఈ నేల కొన్నాం. మీ ఆఫీస్‌కి కాల్ చేశాను. ‘నో పర్మిట్ రిక్వైర్డ్’ అన్నారు. నమ్మలేక మళ్ళీ కాల్ చేశాను. మళ్ళీ అదే అన్నారు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఈ దేశంలో నాకు ఆ మాట చెప్పింది మీరొక్కరే. దాని వెనక ఇంకో రూల్ ఉందేమో అడగాలని నాకు తోచలేదు. ఇక అడగక్కర్లేదు అన్నారనే నేను సంతోషపడింది."

వరస చివర కూర్చున్న ఆవిడ భర్త తలెత్తి, ఆ బాత్రూమ్ సంగతి ఇప్పుడే వింటున్నట్టు భార్యని చూస్తున్నాడు. నేనేమో ఆవిడ మాటల్లో చట్టం లెక్కలోకి తీసుకోదగ్గ వాక్యం ఏదైనా ఉందా అని వెతుకుతున్నాను. ఒక్కటీ లేదు.

చైర్మన్ మైకు దగ్గరికి జరుపుకున్నాడు. "మేడమ్, ఐ యామ్ సారీ. మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ దీన్ని తూకం వేసే అధికారం మాకు లేదు" అన్నాడు.

అప్పుడు లేచాడు పక్క పొలం ఆసామి. కోతల మీది నుంచి వచ్చినట్టున్నాడు, టోపీ నిండా మొక్కజొన్న దుమ్ము. వ్యతిరేకంగా మాట్లాడటానికే వచ్చాడు, మాట్లాడాడు. గుడారం మెరుపు, కార్లు, ట్రాక్టరు, అన్నీ అయ్యాయి. అంతటితో కూర్చుంటే అయిపోయేది. ఆయనకి కడుపు మంట తీరలేదు.

"ఇంకో సంగతి. ఇందాకటి నుంచి ఫస్ట్ క్లాస్ నేల, ఫస్ట్ క్లాస్ నేల అంటున్నారు. నన్ను నవ్వించకండి. ఆ ముక్క మా తాతది. ఎందుకమ్ముకున్నాడనుకున్నారు? రోడ్డు వెంబడి సన్నటి మెరక తప్పితే వెనకంతా చిత్తడి. జూన్ దాకా ట్రాక్టరు దిగదు. మా నాన్న అక్కడ మొక్కజొన్న వేస్తే బాతులు ఈదాయి. బుర్ర ఉన్నవాడెవడూ ఆ రోడ్డు పక్క తప్ప ఇంకెక్కడా కోళ్ళగూడు కూడా కట్టడు. ఆవిణ్ణి మోసం చేసి అమ్మారెవరో!"

చైర్మన్ చేతిలో పెన్ను ఆగింది. "ఆ చివరి మాట మళ్ళీ చెబుతారా? రికార్డు కోసం."

ఆయన మహా సంతోషంగా ఇంకా గట్టిగా చెప్పాడు.

బోర్డుకి కావలసిన భూమి కష్టం దొరికింది. అంతలోనే ఆవిడ లేచి నిలబడింది, మొహం ఎర్రగా కందిపోయి. "అబద్ధం సర్! ఆయన మా నేలని తిడుతున్నారు! అది మంచి నేల!"

ఓరి దేవుడా, అనుకున్నాను.

"మేడమ్, వెనక నీళ్ళు నిలుస్తాయా, నిలవవా?" అన్నాడు చైర్మన్.

"నిలిస్తే ఏం సర్? నీళ్ళు నిలిచేచోట చేమ వేశాను! వచ్చి చూడండి ఎంత బాగా వచ్చిందో! ఏ నేలకి ఏది వెయ్యాలో తెలియాలి కానీ!"

"అంటే నిలుస్తాయి."

"మోకాలి దాకా నిలుస్తాయి. అయితే మాత్రం అది చెడ్డ నేలా?"

"సరిపోయింది మేడమ్. కూర్చోండి." భర్త చెయ్యి పట్టుకుని లాగితే గానీ కూర్చోలేదు. కూర్చున్నా ఆసామి వైపు గుర్రుగా చూస్తూనే ఉంది.

బోర్డు ఐదు చేతులూ ఎత్తింది. నేల స్వభావం వల్ల మెరక తప్ప వేరే చోటు లేదు కనక వేరియన్స్ మంజూరు. దరఖాస్తుదారు స్వంత పరిస్థితులు పరిగణించలేదు, అని చైర్మన్ చదివాడు. నా రిపోర్టు పక్కకి పోయింది. హాల్లో ఎవరికీ ఏం జరిగిందో తెలియలేదు. చప్పట్లు ఒక మూల మొదలై ఆగిపోయాయి. "గెలిచామా అంకుల్?" అని ఒక విద్యార్థి ముందు వరస పెద్దాయన్ని అడుగుతున్నాడు. "ఆయన మన వైపా, వాళ్ళ వైపా?" అని ఇంకొకరు. ఆసామి నా దగ్గరికొచ్చి, "మొత్తానికి మనం గెలిచాం కదా?" అన్నాడు. "మీరు చాలా బాగా మాట్లాడారండీ" అన్నాను. అంతకంటే నిజం ఏం చెప్పాలో తోచలేదు.

ఆవిడ మాత్రం చప్పట్లు కొట్టలేదు. పాలీహౌస్ నిలిచిందని భర్త మూడుసార్లు చెప్పాడు. "వింటున్నానండీ" అంది.

కొన్నాళ్ళకి మంజూరు కాగితం తీసుకోవడానికి వచ్చింది. దానికి విచారణ మినిట్స్ జతచేసి ఇస్తాం. కౌంటర్ దగ్గరే నిలబడి చదవడం మొదలుపెట్టింది. ఆసామి చెప్పిందంతా ఉంది, చిత్తడి, ట్రాక్టరు, బాతులు, అక్షరం పొల్లుపోకుండా. ఆవిడ చేమదుంపల సంగతీ ఉంది. వేలు పైకి వెళ్ళి ఒక చోట ఆగింది. అక్కడ ఉన్నది ఒక్కటే ముక్క: దరఖాస్తుదారు మాట్లాడారు.

"అంతేనా?" అంది తెలుగులో, ఎవర్నీ ఉద్దేశించకుండా.

క్లర్క్‌కి భాష రాకపోయినా వేలు ఎక్కడ ఆగిందో చూసింది. మెడ దాకా ఎర్రబడింది. "నా తప్పే హనీ. నువ్వు మాట్లాడుతున్నంతసేపూ నేను టైప్ చెయ్యలేదు. వింటూ కూర్చున్నాను. తర్వాత గుర్తు తెచ్చుకుని రాద్దామంటే, నీ మాటలు నేను పాడు చేస్తానేమో అని భయమేసింది."

ఆవిడ కాగితం బల్ల మీద పెట్టి, కౌంటర్ మీదుగా వంగి క్లర్క్ రెండు చేతులూ పట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"మరి మీరండీ? మీరు విన్నారా?"

విచారణ ముగిసింది. నేనిప్పుడు తెలుగులో మాట్లాడొచ్చు. ఇన్ని రోజుల తర్వాత నా నోట్లోంచి వచ్చిన మొదటి తెలుగు వాక్యం ఇది:

"నేను డ్యూటీలో ఉన్నానమ్మా."

"సరేనండీ" అని కాగితాలు మడిచి సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

తలుపు మూసుకున్నాక క్లర్క్, "ఏమడిగింది?" అంది. చెప్పాను.

"నువ్వేమన్నావు?"

లోపల ఫోన్ మోగుతోందని చెప్పి నా గదిలోకి వెళ్ళాను. ఫోనేమీ మోగడం లేదు.